కట్టుడు ముక్కు

పళ్ల మేస్త్రి మనుషుల్ని మొహం చూసి గుర్తుపట్టేవాడు కాదు. ఎదురుపడ్డ మనిషి నోరు తెరిచేదాకా ఎవరో ఏమిటో అతనికి అంతుపట్టేది కాదు. తెరిచాక మాత్రం పుట్టుపూర్వోత్తరాలన్నీ అప్పజెప్పేవాడు. "మీరా! పైవరసలో ఎడమవైపు మూడోది కాస్త పొడుగు పెట్టమని నా ప్రాణం తీశారు కదూ?" అని నడిబజారులో పలకరిస్తే, పక్కనే కొత్త వియ్యాలవారితో నడుస్తున్న ఆ పెద్దమనిషికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఊళ్లో సగం నవ్వులు తన చేతి మీదుగా పోయినవేనని మేస్త్రి అనుకునేవాడు. అందులో అబద్ధం పాలు తక్కువే.

పళ్ల డాక్టరుగారి క్లినిక్ వెనక, మెట్ల కింద, ఒక బల్లా ఒక మనిషీ పట్టే గదిలో ముప్ఫై ఒక్క ఏళ్లు కట్టుడు పళ్లు చేశాడు. ముందు గదిలో ఆయన పీకేవాడు, వెనక గదిలో ఇతను కట్టేవాడు. గదిలో ఎప్పుడూ మైనం కరిగిన వాసన. అరల నిండా చీటీలు అంటించిన దవడల అచ్చులు. కొత్తగా ఎవరైనా తలుపు తోస్తే వందమంది ఒక్కసారి నోరు తెరిచి తమ మీద పడుతున్నట్టు ఉండేది. బల్ల మధ్యలో ఇత్తడి కీలున్న దవడ ఒకటి. పైసెట్టు, కిందిసెట్టు అందులో బిగించి, టకటకా ఆడించి, రెండూ ఎలా కలుస్తున్నాయో చెవితో వినేవాడు. "కొరుకుడు కుదరకపోతే పళ్లు కావవి, ముత్యాల దండ. మెళ్లో వేసుకోవాలి," అనేవాడు.

ఇంట్లో ఇద్దరే. అతనూ, అత్తగారూ. ఇద్దరి మధ్యా ఉండాల్సిన మనిషి నాలుగేళ్ల కిందట పోయింది. ఆమె ఇతనికి పెళ్లాం, ఆవిడకి కూతురు. ఆమె లేకుండా మిగిలిన ఇద్దరి చుట్టరికం ఏమవుతుందో బంధువులకి పాలుపోలేదు. పరామర్శకి వచ్చినవాళ్లు గుసగుసలాడుతుంటే అత్తగారు అందరికీ వినపడేలా చెప్పేసింది.

"నా సంగతి మీకెందుకు? ఆయనకి పొయ్యి వెలిగించడం రాదు, నాకు బల్బు మార్చడం రాదు. ఇక్కడే ఉంటా."

అలా ఉండిపోయింది. పొద్దున లేచింది మొదలు ఇద్దరికీ కీచులాటే. ఆవిడకి డెబ్భై ఆరు. ఒంటి చెవి, ఒకటిన్నర కన్ను, పూర్తి నోరు. పళ్లు మాత్రం లేవు. అల్లుడు కట్టిచ్చిన సెట్టు ఉండేది గానీ చుట్టాలు వచ్చినప్పుడు పెట్టుకుని, వాళ్లు గుమ్మం దాటగానే తీసేసేది. తిండి మాత్రం చిగుళ్లతోనే.

చలికాలం వస్తే ఆవిడ పెరట్లో కొలువు తీర్చేది. బట్టలుతుక్కునే బండ మీద పాత పళ్లెం ఒకటి పెట్టి గింజలు, రొట్టె పొడి, ఉడికిన గుడ్డు ముక్కలు వేసి, గుమ్మంలో స్టూలు మీద కంబళి కప్పుకుని కూర్చునేది. మంచు విడీ విడకముందే మల్బరీ చెట్టు మొండి కొమ్మల మీదికి పిట్టలు దిగేవి. ఒక్కొక్కరికీ ఆవిడ దగ్గర ఒక వరస ఉండేది. పావురాలు మగపెళ్లివారు. కట్టగట్టుకుని దిగి, మూతి తుడుచుకుని, మర్యాద సరిపోలేదని గొణుక్కుంటూ పోతాయి. పిచ్చుకలు ఆడపడుచు పిల్లలు, తిన్నదానికంటే పారబోసేది ఎక్కువ. గోడ మీద ఒంటరి కాకి వియ్యంకుడు. అందరూ తినేదాకా తల పక్కకి వంచి చూస్తూ కూర్చుని, చివర్లో వచ్చి పెద్ద ముక్క పట్టుకుపోతుంది.

మేస్త్రికి ఈ సంతర్పణ గిట్టేది కాదు. తీగ మీద ఆరేసిన అతని తెల్లచొక్కాకే ఎప్పుడూ ముద్రలు పడేవి.

"ఊళ్లో ఇన్ని ఇళ్లుండగా ఇవన్నీ మనింటికే ఎందుకొస్తాయి అత్తయ్యా?"

"పెట్టే ఇల్లు కాబట్టి. నీ బంధువులు రావడం మానేసి నాలుగేళ్లయింది. వీళ్లయినా రానీ."

"నా బంధువులు చొక్కా మీద పోయలేదు."

"మీ పెద్దన్నయ్య మాటలకంటే అదే నయం."

ఆ ఏడు చలికి ముందే మేస్త్రి కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. మొదట బొటనవేలు, తర్వాత దాన్ని చూసి చూపుడువేలు. చలి వల్లనేమో అనుకుందామంటే అప్పటికింకా ఫ్యాన్లు తిరుగుతున్నాయి. నడిచేటప్పుడు చెయ్యి జేబులో పెట్టుకోవడం, గ్లాసు రెండు చేతులతో పట్టుకోవడం నేర్చుకున్నాడు. క్లినిక్‌కి అందరికంటే ముందే వెళ్లి, మోచెయ్యి బల్లకి నొక్కిపట్టి, ఊపిరి బిగబట్టి ఒక పన్ను నిలబెట్టి, ఊపిరి వదిలి, మళ్లీ బిగబట్టేవాడు. సాయంత్రానికి చెరువు అడుగున రోజంతా పనిచేసి పైకొచ్చినవాడిలా ఉండేవాడు.

అయినా ఒక సెట్టు తిరిగొచ్చింది. అది ఒక రిటైరైన పంతులమ్మది. "నేను మాట్లాడితే ఈల వినిపిస్తోంది. వీధికుక్కలు వెనకపడుతున్నాయి," అని ఆవిడ డాక్టరు బల్ల మీద సెట్టు పెట్టి వెళ్లిపోయింది. ముందుపన్ను ఒకటి గోరుమందం పక్కకి ఒరిగింది. మేస్త్రి దాన్ని సరిచేసి పంపాడు గానీ రెండు రోజులు నిద్రపోలేదు.

పెద్ద డాక్టరు పోయాక క్లినిక్ ఆయన కొడుకు చేతికి వచ్చింది. చిన్న డాక్టరు నెమ్మదస్తుడు. పన్ను పీకేటప్పుడు కూడా క్షమించండి అంటాడు. ఒక శనివారం ఆయన మెట్ల కిందికి వంగి వచ్చి చెప్పాడు.

"మేస్త్రిగారూ, వృద్ధాశ్రమం వాళ్లు నలభై సెట్లు అడుగుతున్నారు. ఎండలు ముదిరేలోగా కావాలి. మీరు చేస్తానంటే మీకే. లేదంటే బయటి ల్యాబ్‌కి ఇచ్చేస్తా. వచ్చే శనివారం చెప్పండి చాలు."

"ఇందులో చెప్పడానికేముంది?" అన్నాడు మేస్త్రి. చెయ్యి జేబులోనే ఉంది.

చేస్తానంటే నలభైమంది ముసలివాళ్ల తిండి ఆ వణికే వేళ్ల మీద ఆధారపడుతుంది. ఒక్క పంతులమ్మకే కుక్కలు వెంటపడ్డాయి. చేయలేనంటే ఆ గది పోతుంది. ఆ గది పోతే తను ఎవరు? పళ్లు కట్టని పళ్ల మేస్త్రిని జనం ఏమని పిలుస్తారు? పొద్దున లేచి ఎక్కడికి వెళ్తాడు? ఆ రాత్రంతా ఇదే నమిలాడు. అరగలేదు.

మర్నాడు ఆదివారం. చొక్కా మీద కొత్త ముద్ర పడిందేమో చూడ్డానికి పెరట్లోకి వచ్చినవాడు అక్కడే నిలబడిపోయాడు.

పళ్లెం అంచున ఒక గోరింక. దాని పైముక్కు సగానికి విరిగిపోయింది. కిందిముక్కు మాత్రం తెడ్డులా ముందుకి పొడుచుకొచ్చి ఉంది. తల పూర్తిగా పక్కకి పడేసి, పారతో ఇసుక ఎత్తినట్టు గింజని ఎత్తబోతోంది. ఎత్తిన ప్రతిసారీ జారిపోతోంది. ఈకలు ఉబ్బదీసుకుని బంతిలా ఉంది గానీ లోపల ఏమీ లేదని తెలుస్తూనే ఉంది.

"ఎవరి కిటికీ అద్దంలోనో తన అందం చూసుకుని పొడుచుకుని ఉంటుంది," అంది అత్తగారు. "నాలుగు రోజులుగా చూస్తున్నా. నాలాగే బోసినోటిది. మెత్తటివి వేస్తే పెళ్లివారు మింగేస్తున్నారు, దానికి దక్కనివ్వడం లేదు. ఈ చలికి ఇంకో వారం ఆగదు."

మేస్త్రి ముందుకి వంగాడు. అతను చూస్తున్నది గోరింకని కాదు. నోటిని.

"పైసెట్టు పోయింది," అన్నాడు. "మొదలు గట్టిగానే ఉంది. కట్టొచ్చు."

"ఏం కట్టొచ్చు?"

"ముక్కు."

అత్తగారు ఒకటిన్నర కళ్లతో అల్లుణ్ని ఎగాదిగా చూసింది. "నా కూతురు పోయినప్పుడు కూడా నీకు మతి సరిగ్గానే ఉండిందే!"

అతనికి మతి ఉంది. అక్కడికక్కడే తనలో తను పందెం వేసుకున్నాడు. పెసరగింజంత ముక్కు చేసి అతికించగలిగితే నలభై సెట్లకీ సై. అతికించలేకపోతే చెయ్యి జేబులోంచి తీసి చిన్న డాక్టరుకి చూపించెయ్యాలి. ఆ సంగతి అత్తగారికి చెప్పలేదు.

పట్టుకోవడం దగ్గరే ఒక పూట పోయింది. గంపని పుల్ల మీద నిలబెట్టి, పుల్లకి దారం కట్టి, వంటింటి గుమ్మంలోంచి లాగారు. మొదటిసారి పావురాల్లో పెళ్లికొడుకు తండ్రి పడ్డాడు. రెండోసారి ఎవరూ పడలేదు, అత్తగారు ముందే దారం తొక్కింది. మూడోసారి గోరింక పడింది. పారిపోయే ఓపిక కూడా దానికి లేదు. మేస్త్రి తన ఉన్నిమేజోడు ఒకటి వేళ్ల దగ్గర కత్తిరించి అందులోకి పిట్టని దూర్చాడు. తల ఒక్కటే బయటికొచ్చి, రెక్కలు లోపల అణిగి, బుద్ధిగా స్వెట్టర్ వేసుకున్న గుమస్తాలా చూసింది. మెత్తటి మైనం దాని ముక్కు మొదలుకి నొక్కి అచ్చు తీసుకున్నాడు.

క్లినిక్‌లో తన బల్ల దగ్గర, ఎవరూ రాకముందు, ఆ అచ్చులో ప్లాస్టర్ పోశాడు. కట్టుడు పళ్లు చేసే పిండి కలపడానికి రంగు చూసుకున్నాడు. చిగుళ్ల గులాబీ పనికిరాదు. పళ్ల తెలుపు అసలే పనికిరాదు. అర వెనకాల ఒక పాత డబ్బా దొరికింది. జీవితమంతా చుట్టలు కాల్చి, కొత్తపళ్లు కూడా పాతవాటిలాగే ఉండాలని పంతం పట్టే ముసలాళ్ల కోసం తెప్పించిన పసుపు అది. గోరింక ముక్కుకి అచ్చంగా సరిపోయింది. ఊళ్లో చుట్టలరాయుళ్లందరికీ ఆ పిట్ట ఏదో వరస అవుతుందని మేస్త్రికి అనుమానం వచ్చింది.

మంగళవారం సాయంత్రం వంటింటి బల్ల మీద అతికించాడు. అత్తగారు మేజోడు పట్టుకుంది. మేస్త్రి మోచెయ్యి బల్లకి నొక్కి, ఊపిరి బిగబట్టి, ఒక్క దెబ్బలో పెట్టేశాడు. చెయ్యి వణకలేదు. వణికినా సరిగ్గా ఆ క్షణంలో వణకలేదు. ముక్కు పైదీ కిందదీ గీత గీసినట్టు కలిశాయి.

"కొరుకుడు చూశారా?" అన్నాడు. ఆ రాత్రి ఎన్నో నెలల తర్వాత గ్లాసు ఒంటిచేత్తో పట్టుకున్నాడు. ఒలికింది. అయినా పట్టుకున్నాడు.

బుధవారం పొద్దున వదిలారు. గోరింక పళ్లెం మీదికి ఎగిరి కొత్త ముక్కుతో గింజని పొడిచింది. గింజ చటుక్కున జారి మేస్త్రి కాళ్ల దగ్గర పడింది. మళ్లీ పొడిచింది. మళ్లీ జారింది. ఈసారి పిచ్చుక తినేసింది. పది పొడుపులకి ఒక్క గింజా నోట్లో నిలవలేదు. ఇదివరకు పారతో ఎత్తినట్టయినా ఎత్తేది, ఇప్పుడు అదీ పోయింది.

మేస్త్రి గంప వేసి పిట్టని మళ్లీ పట్టి, లోపలికి తెచ్చి, గోటితో ముక్కు ఊడదీశాడు. స్టూలు మీద కూలబడ్డాడు.

"అయిపోయింది అత్తయ్యా. చెయ్యి పోయింది. నేను వంకరగా పెట్టాను, నాకే తెలియలేదు. రేపు డాక్టరుకి చెప్పేస్తా."

అప్పుడు మొత్తం కక్కాడు. బొటనవేలు, పంతులమ్మ, కుక్కలు, నలభై సెట్లు, పందెం. అత్తగారు గిన్నెలో గుడ్డు మెదుపుతూ విన్నది. చెయ్యి వణుకుతోందన్న మాట విని ఆశ్చర్యపోయినట్టు కనపడలేదు.

"నీ చెయ్యి వణుకుతోందని నాకు తెలియదా? జేబులో పెట్టుకుంటే జేబు వణికేది. కానీ ముక్కు వంకరగా లేదు. స్కేలు పెట్టి గీసినట్టుంది. తప్పు చేతిది కాదు."

"మరి?"

"బుర్రది. నా నోట్లో చేసిన తప్పే దాని నోట్లోనూ చేశావు."

లేచి వెళ్లి తన సెట్టు తెచ్చి అతని ఒళ్లో పడేసింది. "నాలుగేళ్లయింది ఇది చేసి. దీంతో అరటిపండు కూడా తెగదు. పైవీ కిందవీ రెండు పీటల్లా కలుస్తాయి."

మేస్త్రి సెట్టు తిప్పి చూశాడు. ముందుపళ్ల కొసలు చదును. మామూలుగా అరగదీసే దానికంటే ఎంతో ఎక్కువగా అరగదీసి ఉంది. కట్టుడు పళ్లలో అదొక జాగ్రత్త. పైపళ్లు కొక్కెంలా కిందికి దిగితే కొరికినప్పుడల్లా సెట్టు లేచిపోతుంది. అందుకని కొసలు కాస్త అరగదీస్తారు. కాస్త. ఇంత కాదు.

"మరి చెప్పరేం?"

"నా కూతురు పోయిన వారమది. పగలంతా అరగదీస్తూనే ఉన్నావు. ఆపితే ఏం చెయ్యాలో తెలియనట్టు. చేతిలో ఆకురాయి ఉంటే మనిషివి, లేకపోతే గోడవి. ఎందుకు ఆపాలి? నాకు చిగుళ్లున్నాయి."

మేస్త్రి ఆ చదును కొసల మీద బొటనవేలు రాస్తూ ఉండిపోయాడు.  మేజోడులో గోరింక గుడ్డు ఏదని అరిచింది. అత్తగారు దాని గొంతులోకి ముద్ద జారవిడిచింది.

"ఎప్పుడైనా పిట్ట నోరు చూశావా?" అంది. "ఊళ్లోవాళ్ల నోళ్లన్నీ చూశావు. రోజూ నీ చొక్కా మీద సంతకం పెట్టేవాళ్ల నోళ్లు ఒక్కసారైనా చూశావా? పోయి కూర్చో."

ఆ పూట నుంచి శుక్రవారం దాకా, పనికెళ్లేలోపు, మేస్త్రి కంబళి కప్పుకుని పెరట్లో కూర్చున్నాడు. మొదటి పూట చలికి తన దంతాలే టకటకలాడాయి. రెండో పూటకి అలవాటు పడ్డాడు. ఇప్పుడా పెరట్లో ఎవరిదో కారు నిలబెట్టి ఉంటుంది, మల్బరీ చెట్టూ లేదు. ఆ మూడు పూటలూ మాత్రం ఆ నాలుగు గోడల మధ్య ఊళ్లో ఏ క్లినిక్‌లోనూ చూడనన్ని నోళ్లు చూశాడు.

పిచ్చుకది పట్టకారు. గింజని మధ్యలో ఇరికించి, పక్కకి దొర్లించి, పొట్టు ఊదేస్తుంది. పెళ్లివారిది మెత్తటి నోరు. అన్ని పిట్టలూ గుక్కెడు నీళ్లు పట్టి తలెత్తి మింగుతుంటే, పావురాలు ముక్కు మొత్తం ముంచి ఎద్దుల్లా పీల్చేస్తున్నాయి. వియ్యంకుడిది కత్తి, పట్టకారు, సుత్తి, మూడూ. గోరింకలు కూడా జంటలుగా వచ్చాయి. వాటి మీదే కన్నేసి ఉంచాడు. గింజ నోట్లో ఉన్నంతసేపూ పైముక్కు కొస, కిందిదాన్ని దాటి వెంట్రుకవాసి ముందుకి వస్తోంది. వచ్చి, కాస్త కిందికి ఒంగుతోంది. ఆ ఒంపులో గింజ ఆగుతోంది. అంతే. ముప్ఫై ఒక్క ఏళ్లుగా సెట్టు ఊడకుండా ఉండడానికి ఏ ఒంపునైతే రాచిపారేశాడో, పిట్ట బతుకంతా ఆ ఒంపు మీదే ఉంది.

"పైది దాటాలి!" అని అరిచాడు. పళ్లెం ఖాళీ అయింది. పిట్టలన్నీ పక్కింటి గోడ మీద వాలి తిట్టాయి.

"అరవకు. పెద్దమనుషులు తింటున్నారు," అంది అత్తగారు.

కొత్త ముక్కు శుక్రవారం మధ్యాహ్నానికి తయారైంది. చెయ్యి వణుకుతూనే ఉంది గానీ ఆకురాయి పనిలో వణుకు కలిసిపోయింది. సాయంత్రం వంటింటి బల్ల మీద అతికించే పని మొదలైంది. అతికించే మందు కలిపిన నిమిషంలో గట్టిపడిపోతుంది. మొదటిసారి బొటనవేలు ఎగిరింది, మందు పిట్ట నెత్తికి అంటింది. రెండోసారి ముక్కు జారి బల్ల కింద పడింది. వెతికేసరికి మందు రాయైంది. డబ్బాలో ఇంకొక్కసారికే మిగిలింది. ఊపిరి బిగబట్టాడు. మోచెయ్యి నొక్కాడు. చెయ్యి ఆగలేదు. పిట్ట ముక్కు దగ్గరికి తీసుకెళ్లేకొద్దీ ఇంకా రెచ్చిపోయింది.

"ఇటియ్యి," అంది అత్తగారు.

"మీకు కళ్లు కనపడవు."

"నీకు చెయ్యి ఆగదు. ఇద్దరం కలిసి ఒక మనిషి పని చేద్దాం. నువ్వు పిట్టని పట్టుకుని చెప్పు, నేను పెడతా."

మేస్త్రి మందు కలిపాడు. ఎడమచేత్తో మేజోడు పట్టుకున్నాడు. ఆవిడ మోటు వేళ్ల మధ్య పసుపు ముక్కు మెతుకులా ఉంది. ఆ వేళ్లు బండమీద పెట్టిన చెంబులా కదలకుండా ఉన్నాయి.

"పైకి. ఇంకొంచెం. ఎడమకి... నా ఎడమ కాదు, మీ ఎడమ!"

"నా ఎడమ ఇటే ఏడిచింది!"

"సరే కుడికి! అయ్యో, అంత కాదు. వెనక్కి. ముందుకి తొయ్యండి, పైది దాటాలి. దాటింది. ఆపండి. ఊపిరి కూడా తీసుకోకండి."

"ఊపిరి తీసుకోకుండా ఎంతసేపు? నన్ను కూడా పంపించి ఇల్లు నీ పేర రాయించుకుందామనా?"

"మాట్లాడితే కదులుతుంది!"

"నేను మాట్లాడితే నోరు కదులుతుంది, చెయ్యి కదలదు."

నిమిషం అయింది. ముక్కు నిలబడింది. గోరింక రెండుసార్లు ఆడించి, అత్తగారి బొటనవేలు పట్టుకుని గట్టిగా కొరికింది. ఆవిడ కెవ్వుమంది. మేస్త్రి ఆ వేలు లాక్కుని దీపం కిందికి తీసుకెళ్లి గాటు చూశాడు.

"కుదిరింది," అన్నాడు. "కొరుకుడు కుదిరింది అత్తయ్యా!"

శనివారం పొద్దున మంచులో వదిలారు. గోరింక మల్బరీ కొమ్మ మీద కూర్చుని ముక్కు రెండువైపులా చెట్టుకి రాసుకుంది. పళ్లెం మీదికి దిగింది. ఒక గింజ తీసింది. ఆగింది. మింగింది. ఇంకోటి తీసింది. వియ్యంకుడు గోడ మీంచి తల వంచి చూశాడు. పావురం ఒకటి దగ్గరికొస్తే గోరింక దాని మెడ మీద ఒక్క పొడుపు పొడిచింది. ఇన్నాళ్ల ఆకలి అందులో ఉంది. పెళ్లివారు వెనక్కి తగ్గారు.

"గెలిచావు పో. నలభై సెట్లు ఒప్పుకో," అంది అత్తగారు. "కావాలంటే నేనూ వస్తా. మెట్ల కింద ఇంకో స్టూలు పట్టదా?"

మేస్త్రి ఒక్క క్షణం నిజంగానే ఆ స్టూలు ఎక్కడ పెట్టొచ్చో ఆలోచించాడు. ఈవిణ్ణి పొద్దున్నే తీసుకెళ్లి, డాక్టరు రాకముందే... ఎవరికి తెలుస్తుంది? పందెం ప్రకారం ముక్కు నిలబడింది. ఎవరి చెయ్యి అన్నది పందెంలో లేదు.

"ఒక్క ముక్కుకే మా మూడు తరాల్ని తిట్టారు," అన్నాడు చివరికి. "నలభై సెట్లంటే మా వంశంలో ఎవరూ మిగలరు." లేచి మచ్చ లేని చొక్కా కోసం వెతికి, దొరక్క, ఉన్నదే వేసుకుని వెళ్లాడు.

చిన్న డాక్టరు అద్దాల బల్ల దగ్గర పనిముట్లు సర్దుకుంటున్నాడు. మేస్త్రి జేబులోంచి చెయ్యి తీసి ఆ స్టీలు ట్రే మీద పెట్టి వదిలేశాడు. అద్దాలు, సూదులు, పట్టకార్లు గలగలమని మోగడం మొదలుపెట్టాయి. చెయ్యి వెనక్కి తీసుకోలేదు. డాక్టరు ఆ చప్పుడు కాసేపు విన్నాడు.

"నాకు తెలుసు మేస్త్రిగారూ."

"తెలిస్తే చెప్పొచ్చుగా?"

"మా నాన్న పళ్లు మీరే కట్టారు. పోయేదాకా ఆ పళ్లతోనే నన్ను తిట్టాడు. మీకు నేనేం చెప్తాను? అందుకే శనివారం దాకా టైమిచ్చాను. మీరే వద్దంటారనుకున్నా."

"వద్దంటున్నా. ల్యాబ్‌కి ఇచ్చెయ్యండి. కానీ ఒకటి. వాళ్లు మిషన్‌లో చేసి పంపిస్తారు. మిషన్‌కి నోరు లేదు. కొరుకుడు ఎవరు చూస్తారు?"

"మీరు చూడండి," అన్నాడు డాక్టరు వెంటనే. అడగడానికే కాచుక్కూర్చున్నట్టు. "సెట్లు వచ్చాక ఒక్కొక్కరి నోట్లో పెట్టి మీరు చూడాలి. ఎక్కడ అరగదీయాలో గుర్తుపెట్టండి, నేను అరగదీస్తా. రోజూ పొద్దున ఎనిమిదింటికి..."

"పదింటికి," అన్నాడు మేస్త్రి.

"ఎప్పుడూ ఏడింటికే వచ్చేవారు కదండీ?"

"తొమ్మిదిన్నర దాకా ఇంట్లో పనుంది. నాకు తెలియని నోళ్లు ఇంకా చాలా ఉన్నాయి."

డాక్టరుకి అర్థం కాలేదు. కానీ నెమ్మదస్తుడు కదా, తలూపాడు.

ముప్ఫై ఒక్క ఏళ్లలో మొదటిసారి మేస్త్రి పట్టపగలు ఇంటికి నడిచాడు. ఎండలో తన వీధి ఇలా ఉంటుందని అతనికి తెలియదు. చెయ్యి బయటే ఊగుతోంది. ఎవరో చూసి తమకే చెయ్యి ఊపుతున్నాడనుకుని తిరిగి ఊపారు.

అత్తగారు పెరట్లోనే ఉంది. తిరిగి చూడకుండానే అడిగింది.

"ఏమైంది? తరిమేశాడా?"

"సగం తరిమాడు."

"ఏ సగం?"

"చెయ్యి వద్దన్నాడు. కళ్లు ఉంచుకున్నాడు."

"మరి ఆ నోరు?"

"నోటిని మాత్రం మీకే వదిలేశాడు అత్తయ్యా."

"నాకున్నది చాలదనా!" అంటూ ఆవిడ కంబళి కొస దులిపి, స్టూలు మీద కాస్త పక్కకి జరిగింది. "సరే, ఉన్న నోటికి పని చెప్పు. మళ్లీ దిగారు చూడు, మగపెళ్లివారు. గదుము."

మేస్త్రి కూర్చున్నాడు. గొంతు సవరించుకుని, పావురాల్ని తన పెద్దన్నయ్యని తిట్టినట్టు తిట్టడం మొదలుపెట్టాడు.